మా అమ్మ మెడ మీద చెయ్యి వెయ్యకండి

పెళ్ళి నుంచి ఇప్పుడే వచ్చాం. నా చేతులింకా వణుకుతున్నాయి. అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు, బస్సు ప్రయాణానికి మెడ పట్టేసింది. చాప మీద కూర్చుని కొబ్బరినూనె రాసుకుంటోంది. చిన్నబావ వెనక నుంచి వచ్చి గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి, "కదలకండి అత్తయ్యా, ఒక్క సెకను" అంటున్నాడు! పరిగెత్తుకెళ్ళి ఆ చెయ్యి లాగేశాను. దానికి అల్లుణ్ణి అవమానించానని గోల.

పట్టేసిన మెడని ఒక్క విసురుతో తిప్పి 'టక్'మనిపించడం ఆరు నెలలుగా యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాడట. "రేపు తుఫానొచ్చి రోడ్లు మూసుకుపోతే డాక్టర్ దొరుకుతాడా? ఇంటికొకరికైనా రావాలి" అంటాడు. తుఫానుకి దాచుకోవాల్సింది మంచినీళ్ళు, టార్చిలైటు, అమ్మ బీపీ మాత్రలు.

మెడలో ఏడు పూసలు. వాటి పక్కనున్న చిల్లుల్లోంచే రెండు రక్తనాళాలు మెదడు వెనక భాగానికి వెళ్తాయి. విసురుగా తిప్పితే నాళం లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. 2022లో హైదరాబాద్ బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకుంటూ మెడ వెనక్కి వాల్చిన ఒకావిడకి స్ట్రోక్ వచ్చిందని పేపర్లన్నీ రాశాయి. ఉత్తినే వాల్చితేనే అది! ఇక ఆ 'టక్' అంటే ఎముక సర్దుకోవడం కాదు, కీలులోని ద్రవంలో గాలిబుడగ చేసే చప్పుడు. వేళ్ళ మెటికలు విరిచినా అదే వస్తుంది.

"మన పెద్దవాళ్ళు చెయ్యలేదా?" అంది పెద్దత్త. చేశారు. నాయనమ్మకి నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టిన పక్కింటి పిల్లని పిలిచేవారు. ఆరేళ్ళ పిల్ల, మెత్తగా పాదం ఆనించి వెళ్ళిపోయేది. ఎవరూ మెడ మెలిపెట్టలేదు.

అసలు నా కడుపుమంట వేరే. 2014లో నాన్న మేడమెట్ల మీంచి పడ్డప్పుడు ఈ చుట్టాలే ఒకరు చంకలు, ఒకరు కాళ్ళు పట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టారు. "కదపకండి, 108కి చేశాను" అని నేను అరుస్తూనే ఉన్నాను. గతుకు గతుక్కీ నాన్న తల అటూ ఇటూ వాలిపోవడం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పడ్డందుకా, లేపినందుకా అన్నది డాక్టర్ కూడా తేల్చలేదు. నాన్న మాత్రం మళ్ళీ తన చేత్తో అన్నం కలుపుకోలేదు.

నేర్చుకుంటే ఇది నేర్చుకోండి. పడ్డ మనిషి తలకి రెండు పక్కలా చేతులు పెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా కదలకుండా పట్టుకోవడం. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అమ్మ వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుంది. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను. బావ ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తను.