అర గుర్రం స్వారీ

మా బావమరిది కారు కొన్నాడు. "90 గుర్రాలు బావా!" అన్నాడు తాళంచెవి ఊపుతూ, ఇంజన్ హార్స్‌పవర్ గురించి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి జేఎన్‌టీయూ దగ్గర ఎక్కించుకుని హైటెక్ సిటీకి బయల్దేరాడు. బయల్దేరాడు అనడం మర్యాద కోసమే. చేతిలో బ్రోచర్, పెన్ను, కావలసినంత తీరిక ఉన్నాయి గనక ఆ గుర్రాలు ఎక్కడున్నాయో లెక్క తీశాను.

ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, 115 న్యూటన్ మీటర్లు. ఫస్ట్ గేర్ దాన్ని మూడున్నర రెట్లు చేస్తుంది, చక్రాలకు ముందుండే చివరి గేర్ల జత, ఫైనల్ డ్రైవ్, ఇంకో నాలుగు రెట్లు. గేర్ల పళ్ళు రాసుకున్నందుకు పదోవంతు కమీషన్ పోతుంది. మిగిలినదాన్ని చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లతో భాగిస్తే 4,830 న్యూటన్లు, అంటే 490 కిలోల తోపు. గేరు నిష్పత్తి 0.8 ఉన్న ఐదో గేరులో అదే లెక్క 1,100 న్యూటన్ల దగ్గర ఆగిపోతుంది. గేరు కొత్తగా శక్తినేం పుట్టించదు. వేగాన్ని తాకట్టు పెట్టించుకుని బలాన్ని అప్పిస్తుంది, అంతే.

"490 కిలోలా!" అని మావాడు మీసం దువ్వాడు. ముందున్న సిటీ బస్సు అడుగు కదిలింది. మేమూ అడుగు కదిలాం.

ఇక గుర్రాల సంగతి. 75 కిలోల బరువును సెకనులో మీటరు ఎత్తు లేపగలిగితే ఒక గుర్రం. మాతో కలిపి కారు 1,200 కిలోలు. చదును రోడ్డు మీద దాన్ని దొర్లించడానికి 14 కిలోల తోపు చాలు. మా వేగం గంటకు 10 కిలోమీటర్లు, సెకనుకు 2.8 మీటర్లు. గుణిస్తే 39. అంటే అర గుర్రం! పాతబస్తీ టాంగాకైనా ఒక నిండు గుర్రం ఉండేది.

పోనీ, అన్నిటినీ వాడదామా? తొంభై గుర్రాలూ 6,000 ఆర్‌పీఎం దగ్గర గానీ, అంటే ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే గానీ, నిద్ర లేవవు. ఫస్ట్ గేర్‌లోనే అక్కడికి చేరాలన్నా కారు 48 కిలోమీటర్ల వేగంతో పోవాలి. ఈ రోడ్డు మీద, ఈ వేళప్పుడు!

కనుక అధికారులకు సవినయ విన్నపం. మిగిలిన ఎనభై తొమ్మిదిన్నర గుర్రాలను పొద్దున్నే మలక్‌పేట రేసు కోర్సులో అప్పజెప్పి, సాయంత్రం తెచ్చుకునే ఏర్పాటు చేయాలి. ఈఎంఐ ఎలాగూ తొంభైకీ కడుతున్నాడు.

"మరి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో?" అన్నాడు ఆశగా. పాతిక మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు వేసుకుని చూశాను. రెండుంబావు గుర్రాలు. "చూశావా బావా!" అని పొంగిపోతూ ఫ్లైఓవర్ ఎక్కించాడు. సగంలో ఆగిపోయాం. శక్తి అంటే బలం ఇంటూ వేగం. వేగం సున్నా. ఆ గుణకారం మాత్రం వాడికి చేసి చూపించలేదు.