సవరణ: క్రూజ్‌లో పెద్దవాళ్లు ఓడ దిగడం గురించి

అమెరికాలోని మయామీలో ఎక్కే కరేబియన్ క్రూజ్ (ఓడలో దీవులు తిరిగే విహారయాత్ర) గురించి మొన్న రాసినదాంట్లో “ప్రతి రేవులోనూ ఓడ గట్టుకే ఆనుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ నడిచి దిగిపోవచ్చు” అని ఉంది. అది అన్నిచోట్లా నిజం కాదు. మెక్సికో దీవి కొజుమెల్‌లో గట్టుంది. గ్రాండ్ కేమన్ దీవిలోని జార్జ్‌టౌన్‌లో మాత్రం ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది. టెండర్ అనే చిన్న పడవలో ఒడ్డుకి తీసుకెళ్తారు. ఓడకీ పడవకీ మధ్య ఒక్క అడుగే, కానీ అల వచ్చినప్పుడల్లా పడవ లేస్తుంది, దిగుతుంది. మన శ్రీకాకుళం తీరాన భావనపాడులో పడవెక్కినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. సిబ్బంది చెయ్యి పట్టుకుంటారు గానీ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లని అలలు ఎక్కువుంటే దింపకపోవచ్చు. అందుకే టికెట్లు కొనేముందే ఏ రేవులో టెండరో చూసుకోండి. తాతయ్యని ఓడలో వదిలేసి మనం ఊరు చూడ్డం నాకైతే మనసొప్పదు.

టెక్కలి, పలాస నుంచి అడిగినవాళ్లకి ఇంకోమాట. ఓడ అమెరికా దాటి మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి అమ్మానాన్నల అమెరికా విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదై (ఒకసారి కంటే ఎక్కువ లోపలికి రానిచ్చేదై) ఉండాలి. దీవుల నియమాలు వేరు, అవీ కనుక్కోండి. ఆరు నెలలు నిండని పాపని చాలా కంపెనీలు ఎక్కించుకోవు.

రేవులో అప్పజెప్పిన పెట్టెలు గదికి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. బీపీ, షుగర్ మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకోండి.