కంది సాలు వేస్తే జొన్న తగ్గదా?

"జొన్నలోనైనా మొక్కజొన్నలోనైనా పప్పుజాతి పంట కలిపి వేయండి. గాలిలోని నత్రజనిని తెచ్చి పక్క మొక్కకు ఇస్తుంది, యూరియా అక్కర్లేదు. దిగుబడి ఒకటిన్నర రెట్లవుతుంది. ఎంత ఒత్తుగా వేస్తే అంత మేలు." ఫోన్లలో తెగ తిరుగుతున్న సందేశం సారాంశమిది. అంతర పంట మంచిదే. ఈ లెక్కే తప్పు.

మొదట ఆ ఒకటిన్నర రెట్ల సంగతి. అది భూమి లెక్క. వట్టి జొన్న వేస్తే వచ్చే దిగుబడిలో 90 శాతం, వట్టి కంది వేస్తే వచ్చేదానిలో 60 శాతం ఒకే ఎకరంలో వచ్చాయనుకుందాం. అంత పంటను విడివిడిగా పండించాలంటే ఎకరంన్నర కావాలి. లాభమే, కాదనను. కానీ జొన్న పదో వంతు తగ్గింది, కంది ఇంకా తగ్గింది. జొన్న ఒకటిన్నర రెట్లు పండిందని ఈ లెక్కలో ఎక్కడుంది?

ఆ లాభం కూడా రెండు మొక్కల స్నేహం వల్ల వచ్చింది కాదు, కాలం తేడా వల్ల వచ్చింది. వానాకాలం జొన్న సుమారు 100 రోజుల్లో కోతకొస్తుంది. కంది ఐదారు నెలల పంట, మొదట్లో మెల్లగా ఎదుగుతుంది. జొన్న కోసేశాకే ఎండా, నేలలో మిగిలిన తడీ దానికి దక్కి గుబురు కడుతుంది. పటాన్‌చెరులోని మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరిశోధనల్లో రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది పద్ధతి నెగ్గింది ఇందుకే. అదే తీగ పాకే బొబ్బర్లను మొక్కజొన్నతో పాటే ఒత్తుగా విత్తి చూడండి. రెండూ ఒకే సమయంలో ఒకే తడి కోసం పోటీపడతాయి, పైగా తీగ కాండానికి చుట్టుకుంటుంది.

ఇక నత్రజని. వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా పట్టేది ముందు కందికే. ఆ పంటకాలంలో పక్క జొన్నకు అందేది స్వల్పం. ఆకు రాలి, వేరు కుళ్లాక వచ్చే పైరుకు అందుతుంది. అసలు మీ చేలో బుడిపెలు పనిచేస్తున్నాయా? కంది మొక్కను లాగకుండా మట్టితో సహా తవ్వి తీసి, ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే పని నడుస్తున్నట్టే, ఆకుపచ్చగా ఉంటే ఆగిపోయినట్టే. చేనంతా యూరియా చల్లితే బుడిపెలే సరిగా కట్టవు. జొన్న ఎరువు జొన్న సాలుకే వేయాలి, మానేయకూడదు.

ఒత్తుగా వేయమన్న సలహా అన్నిటికన్నా చేటు. జొన్న పొట్ట మీద, అంటే కంకి ఇంకా ఆకు తొడిమలోనే ఉండగా, వాన మొహం చాటేస్తే, తడి ఎక్కువ నిలవని ఎర్రచల్క నేలలో ఉన్న కాస్త తడినీ అదనపు మొక్కలే తాగేస్తాయి. కంకి సగం తాలుగా మిగులుతుంది.