కనబడాలా, కదలాలా?

మా బావకి ఆస్టిన్‌లో ఇల్లుంది, కరెంటు కారుంది. లేనిదల్లా పాత పికప్ ట్రక్కు. మనసుపడ్డవి మాత్రం రెండు: 1953 షెవర్లే 3100, 1956 ఫోర్డ్ ఎఫ్-100. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, జాతకాలు కలిపినట్టు ఎక్సెల్ షీట్ వేశాడు. షెవర్లేకి వరసగా ఆరు సిలిండర్లు, 92 హార్స్‌పవర్, 6 వోల్టుల బ్యాటరీ. ఫోర్డ్‌కి 272 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, 12 వోల్టులు. పైగా ముందద్దం పక్కలకి వంపు తిరిగి ఉంటుంది. ఆ తరం ఎఫ్-100లో ఆ అద్దం 1956లో మాత్రమే వచ్చింది, సేకరించేవాళ్ళు దానికోసమే ఎగబడతారు. ఫోర్డ్ నాలుగు మార్కుల ఆధిక్యంలో ఉంది.

రెండూ ఆస్టిన్ పక్క కొండప్రాంతం, హిల్ కంట్రీలో ఒక ముసలాయన షెడ్డులోనే దొరికాయి. అక్కా నేనూ కూడా వెళ్ళాం.

బావ ముందు షెవర్లే ఎక్కి తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. చోక్ లాగాడు, క్లచ్ తొక్కాడు, చివరికి దణ్ణం కూడా పెట్టుకున్నాడు. ముసలాయన కాసేపు వినోదం చూసి, కింద నేల మీదున్న ఇంకో పెడల్ చూపించాడు. స్టార్టర్ కాలితో తొక్కాలట! ఇక గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన. "మా నాన్న అంబాసిడర్‌లో చూశాన్లే," అన్నాడు బావ. చూడ్డం వేరు, వేయడం వేరు. ఫస్ట్ గేర్ పడినప్పుడు వచ్చిన చప్పుడుకి షెడ్డు మీది పావురాలు లేచిపోయాయి.

"నా వీపు వెనకాల ఏదో గలగలమంటోంది ఏమండీ," అంది అక్క.

"గ్యాస్ ట్యాంక్, అంటే పెట్రోల్ ట్యాంక్. 1949 నుంచీ సీటు వెనకే పెట్టారు," అన్నాడు బావ గర్వంగా. అక్క ఆ తర్వాత సీటుకి ఆనలేదు.

అసలు కథ ఫ్రెడరిక్స్‌బర్గ్ దారిలో, ఎత్తు ఎక్కుతుండగా వాన మొదలయ్యాక. ఆ వైపర్లు నడిచేది కరెంటుతో కాదు, ఇంజిన్ గాలి పీల్చుకునే బలంతో. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆ పీల్పు పడిపోతుంది, వైపర్ అద్దం మధ్యలో నిలబడిపోతుంది. కాలు తీస్తే టపటపా కొట్టుకుంటుంది గానీ బండి ఆగిపోతుంది.

"ఒరేయ్, కనబడాలంటే కదలకూడదు, కదలాలంటే కనబడకూడదు! ఇదేం లెక్కరా?"

"షీట్‌లో ఆ గడి లేదు బావా."

వెనక హారన్లు. అక్క కిటికీలోంచి చెయ్యి చాపి చున్నీతో అద్దం తుడుస్తుంటే, బావ గంటకి 20 మైళ్ళ మీద బండిని కొండ దాటించాడు.

తిరిగొచ్చి, తడిసిన చొక్కాతోనే ఫోర్డ్ వైపు ఆశగా చూశాడు. "దీని వైపర్లయినా కరెంటువేనా?"

"అవీ గాలివే," అన్నాడు ముసలాయన.

బావ ఫోన్ తీసి షీట్‌లో కొత్త గడి కలిపి, రెండు వైపులా సున్నా వేశాడు. అక్క మాత్రం చున్నీ పిండుకుంటూ, షెడ్డు మూలనున్న ట్రాక్టర్ ఎంతని బేరం మొదలెట్టింది. దానికి అసలు అద్దమే లేదట.