కొండ మీద ఆగిన పొగ, కొండ కింద ఆగదా?

అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర రోజూ కనిపించే దృశ్యమే. కారు ఆగుతుంది, సంచులు యంత్రంలోకి వెళతాయి. ఎవరి దగ్గరైనా సిగరెట్ పెట్టె, బీడీ కట్ట దొరికితే అక్కడే వదిలి కొండెక్కాలి. రోజుకు రెండు పెట్టెలు కాల్చే మనిషి కూడా ఎదురుమాట లేకుండా ఇచ్చేస్తాడు. దర్శనం చేసుకుని దిగివచ్చాక, బస్సు కోసం నిలబడిన చోటే అదే మనిషి అగ్గిపుల్ల గీస్తాడు. పక్కనున్న తల్లి చంటిబిడ్డ ముఖం మీదికి కొంగు లాక్కుంటుంది. అభ్యంతరం చెబితే ఎలాంటి జవాబు వస్తుందో ఆమెకు తెలుసు.

దీన్ని భక్తికి సంబంధించిన తేడాగా చూడడం పొరపాటని మా అభిప్రాయం. పైన అడిగేవారున్నారు, కింద లేరు. నిజానికి కొండ కింద కూడా అది నేరమే. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో పొగతాగడాన్ని సుప్రీంకోర్టు 2001 నవంబరులోనే నిషేధించింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 గాంధీ జయంతి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు హోటళ్లు, బస్టాండ్లు, సినిమా హాళ్లు, పనిచేసే చోట్లన్నింటినీ దాని పరిధిలోకి తెచ్చాయి.

ఇలాంటి చట్టాలతో ఒరిగేదేమిటని ఇప్పటికీ అడిగేవారున్నారు. ఐర్లండ్ 2004 మార్చిలో దేశమంతటా పనిచేసే చోట్ల పొగను నిషేధించింది. పొగ అలవాటు లేని బార్ సిబ్బంది లాలాజలంలో కోటినిన్‌ను నిషేధానికి ముందూ తర్వాతా కొలిచారు. పక్కవారి పొగ మన ఒంట్లోకి ఎంత చేరిందో చెప్పే పదార్థమది. దాదాపు 80 శాతం తగ్గింది. స్కాట్లండ్‌లో 2006 నిషేధం తర్వాత, పరిశీలనకు తీసుకున్న ఆసుపత్రుల్లో గుండెపోటు తరహా సమస్యలతో చేరేవారి సంఖ్య 17 శాతం పడిపోయింది. ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు ఎన్నడూ పొగ తాగనివారు, లేదా అప్పటికే మానేసినవారు. బయట ఆపితే ఇంట్లో కాల్చి పిల్లలకు హాని చేస్తారని అక్కడా భయపడినవారున్నారు. జరిగింది వేరు. బడిపిల్లల్లో కోటినిన్ 39 శాతం తగ్గింది.

మన దేశం లెక్క చూస్తే బాధ కలుగుతుంది. 2009-10 జాతీయ సర్వేలో ఇంట్లో ఇతరుల పొగ పీల్చేవారు పెద్దల్లో 52.3 శాతం. 2016-17 నాటికి అది 38.7కు దిగింది. నాలుగు గోడల మధ్య పనిచేసేవారిలో మాత్రం, పనిచోట పొగ పీల్చేవారు అప్పుడు 29.9 శాతం ఉంటే, తర్వాతా 30.2 దగ్గరే ఉన్నారు. గడప లోపలికి ఈ చట్టం వెళ్లదు. అక్కడ భార్యలు, పిల్లలు గొడవపడి తండ్రులను, తాతలను వాకిట్లోకి పంపి ఉండాలి. చట్టం ఉన్న పనిచోట మాత్రం అంకె కదలలేదు. ప్రజలు తమ వంతు పని చేశారు, ప్రభుత్వ యంత్రాంగమే చేయలేదు.

తిరుపతి బతుకంతా యాత్రికుల చుట్టూ తిరుగుతుంది. లాడ్జి గదులు ఊడ్చే కుర్రవాడు, టీ కొట్టులో గ్లాసులు కడిగే మనిషి, టాక్సీలో పన్నెండు గంటలు కూర్చునే డ్రైవరు ఈ పొగను రోజూ, ఇష్టం లేకపోయినా మింగుతున్నారు. యాత్రికుడు ఒక పూట పీల్చి వెళ్లిపోతాడు, వీరు వెళ్లలేరు. ముప్పై లేదా అంతకు మించి గదులున్న హోటళ్లలో పొగతాగే గదికి చట్టమే అనుమతిస్తోంది. అది చట్టంలోని లోపమని మేము నమ్ముతున్నాం. పక్కవారి పొగ ఎంత తక్కువైనా క్షేమం కాదని, గాలి మార్పిడి యంత్రాలు దాన్ని పూర్తిగా తొలగించలేవని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య అధిపతి అయిన సర్జన్ జనరల్ 2006లోనే తేల్చి చెప్పారు. ఆ గదిని తుడిచే పనివాడికి తలుపు బయట ఉండే అవకాశం లేదు కదా.

అలాగని బీడీ కాల్చే హమాలీని పట్టుకుని రెండు వందల రూపాయల జరిమానా గుంజితే బాధ్యత తీరుతుందనుకోవడం మాకు సమ్మతం కాదు. నిబంధనలు ప్రధానంగా భారం వేసింది యజమాని మీద, మేనేజరు మీద. హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ వ్యక్తి పేరు అందరికీ కనిపించేలా రాయాలి. యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటరు అందుబాటులో ఉంచకూడదు. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే, ఎన్ని ఉల్లంఘనలు జరిగితే అన్ని జరిమానాలు నిర్వాహకుడే కట్టాలి. తిరుపతిలో ఎన్ని హోటళ్ల గోడల మీద అలాంటి పేరు కనిపిస్తోంది? కొట్టు గుంజకు తాడుతో వేలాడే లైటర్లు మాత్రం అడుగడుగునా కనిపిస్తాయి. పొరుగున ఉన్న కర్ణాటక జరిమానాను వెయ్యి రూపాయలకు పెంచింది. మన రాష్ట్రమూ ఆ ఆలోచన చేయవచ్చు, కానీ వసూలు చేయని జరిమానా ఎంతైతేనేం?

జిల్లా యంత్రాంగాన్ని మేము కోరేవి రెండే. ముందుగా బస్టాండ్లు, లాడ్జీలు, ఆసుపత్రుల ఆవరణల్లో ఫిర్యాదు స్వీకరించే వ్యక్తి పేరు, ఫోను నంబరు రాయించాలి. ఎంతమంది నిర్వాహకులపై చర్య తీసుకున్నారో నెలనెలా ప్రకటించాలి. ఆ లెక్క మా చేతికి వస్తే ప్రతి నెలా ఇదే పుటలో అచ్చు వేస్తాం. రాని నెల, రాలేదనీ వేస్తాం.