కనిపించిన ప్రతి మాటకీ ‘లీ’ తగిలించకండి బాబూ

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం వైపు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకి వెళ్లొచ్చిన మనవాళ్లతో నాకో పేచీ ఉంది. ‘వెర్బ్ తర్వాత అడ్వర్బే రావాలి’ అని ఎవరో నూరిపోసి పంపిస్తారు, అడ్వర్బ్ అంటే చివర లీ ఉండే మాటేనని ఇక వీళ్లు దొరికిన మాటకల్లా లీ చేరుస్తుంటారు. ద బిర్యానీ టేస్ట్స్ డెలిషస్లీ అట! పోనీ తాము అనుకుంటే అనుకున్నారు, సరిగ్గా మాట్లాడేవాళ్లని ఆపి మరీ దిద్దుతారు, నా మంట అక్కడ. మొన్న టీమ్ కాల్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ‘ఐ ఫీల్ బ్యాడ్ అబౌట్ ద డిలే’ అంటే, ఓ సీనియర్ మహానుభావుడు అందరి ముందూ ‘బ్యాడ్ కాదమ్మా, బ్యాడ్లీ’ అన్నాడు. ఆ పిల్ల అన్నదే కరెక్టు. ఆ తర్వాత కాల్ అయ్యేదాకా మ్యూట్ తీయలేదు పాపం.

లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్, ఈ ఐదింటికీ రెండేసి పనులున్నాయి. ఒకటి నిజంగా ఏదో చేయడం, రెండోది ఉట్టినే ‘ఇలా ఉంది’ అని చెప్పడం. మొదటిదైతే ఎలా చేశారో చెప్పే అడ్వర్బ్, రెండోదైతే ఎలా ఉందో చెప్పే అడ్జెక్టివ్. దీనికి లింకింగ్ వెర్బ్ అనీ కాంప్లిమెంట్ అనీ బోర్డు నింపేస్తారు గానీ, తెలుగువాడికి ఇది పుట్టుకతో తెలిసిన సంగతేనని ఒక్క మాస్టారూ చెప్పడు. చూడటం వేరు, కనిపించడం వేరు కదా మనకి? ‘ఆమె నావైపు కోపంగా చూసింది’, ఇక్కడ చూసింది కాబట్టి లుక్డ్ యాంగ్రిలీ. ‘ఆమె కోపంగా కనిపించింది’, ఇక్కడ కనిపించింది కాబట్టి లుక్డ్ యాంగ్రీ. వాసన చూడటం, వాసన రావడం కూడా అంతే. ద డాగ్ స్మెల్స్ బ్యాడ్ అంటే కుక్క కంపు కొడుతోందని. బ్యాడ్లీ అన్నారంటే పాపం దాని ముక్కు పనిచేయట్లేదని! డాక్టర్ మెడ తడిమి చూస్తే ఫెల్ట్ కేర్‌ఫుల్లీ, మీకు మనసులో బాధ అనిపిస్తే ఫీల్ బ్యాడ్.

మరి ఎక్కడ దెబ్బతింటున్నాం? మన ‘గా’ దగ్గర. కోపంగా చూసింది, కోపంగా ఉంది, రెండింటికీ ఒకటే గా. తెలుగులో సుఖంగా ఉంటుంది, ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి గా ఉన్నచోటల్లా లీ పడిపోతుంది. మనమే కాదులెండి, పక్క సీటు కన్నడ వాళ్లకీ చెన్నాగిదె (బాగుంది), చెన్నాగి హాడ్తాళె (బాగా పాడుతుంది), రెంటికీ చెన్నాగి ఒక్కటే. తమిళంలో నల్లా కూడా అంతే. అందుకే ఈ ఊళ్లో ముగ్గురం కలిసి ఒకే తప్పు చేస్తూ ఒకరినొకరు దిద్దుకుంటున్నాం.

అనుమానం వస్తే ఆ వెర్బ్ తీసేసి ఈజ్ పెట్టి చూడండి. రసం టేస్ట్స్ సవర్, రసం ఈజ్ సవర్, పొసిగింది కదా, ఇక లీ అక్కర్లేదు. అలాగని లీ కనబడగానే తప్పని ఎగరకండి. ఇట్ స్మెల్స్ స్ట్రాంగ్లీ ఆఫ్ గ్యాస్ అనేది మంచి ఇంగ్లిషే, వాసన ఎంత గట్టిగా వస్తోందో చెబుతోంది. దట్ సౌండ్స్ లవ్లీలో లవ్లీ అసలు అడ్జెక్టివే. అమెరికాలో బాధపడ్డాననే అర్థంలో ఫీల్ బ్యాడ్లీ అనేవాళ్లూ ఉన్నారు, డిక్షనరీల్లోకీ ఎక్కింది, కాబట్టి అలా అన్నవాళ్లని నేను పనిగట్టుకుని దిద్దను. కానీ అదొక్కటే కరెక్టని పక్కవాడి నోరు మూయిస్తే మాత్రం ఊరుకోను.

ఇక గుడ్, వెల్ గొడవ. ఇక్కడ వెల్ కూడా అడ్జెక్టివే, ఆరోగ్యంగా అని. జ్వరం తగ్గి ఆఫీసుకొచ్చినవాళ్లతో యూ లుక్ వెల్ అనండి, కొత్త చొక్కా వేసుకొచ్చినవాళ్లతో యూ లుక్ గుడ్ అనండి. తారుమారైనా కొంపలేం మునగవు, ఎదుటివాళ్లు నవ్వి థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు.