రిపోర్టు చూపించడానికి రాత్రంతా బస్సులోనా?

తెల్లవారుజామున హైదరాబాద్‌లో ఏ పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి గేటు దగ్గరైనా ఒక్క గంట నిలబడండి. ఆదిలాబాద్ వైపు నుంచి 300 కిలోమీటర్లు రాత్రంతా బస్సులో కూర్చొని వచ్చిన అవ్వలు, తాతలు కనిపిస్తారు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో పాత ఫైలు, స్కాన్ ఫిల్ములు, మొన్న తీయించిన రక్తపరీక్ష కాగితం. పక్కన ఆ రోజు కూలి పోగొట్టుకొని తోడొచ్చిన కొడుకు. ఓపీ చీటీకి ఒక క్యూ, డాక్టరు గది ముందు ఇంకో క్యూ. మధ్యాహ్నానికి పిలుపొస్తుంది. ‘బాగానే ఉందమ్మా, అవే మందులు వాడు, మూడు నెలలాగి రా’ అంటారు. రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. మళ్లీ రాత్రి బస్సు.

క్యాన్సర్‌ను గెలిచి వచ్చిన మనిషికి మనం ఇస్తున్న మర్యాద ఇదా?

కరోనా కాలంలో ఇదే పని ఫోన్లో జరిగింది. ఫోన్లో, వీడియోలో వైద్యం (టెలిమెడిసిన్) ఎలా చేయాలో చెప్పే కేంద్ర మార్గదర్శకాలు వచ్చింది 2020 మార్చి 25న, దేశమంతా తలుపులు వేసుకున్న రోజునే. అంతకుముందు తాను చూసిన పేషెంటుకు, అదే జబ్బుకు, ఆరు నెలల్లోపు డాక్టరు ఫోన్లోనో వీడియోలోనో ఫాలోఅప్ చేయవచ్చని, పాత మందులు మళ్లీ రాసివ్వవచ్చని అందులో స్పష్టంగా ఉంది. పెద్దవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు మాట్లాడే వీలూ ఉంది. మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి ఇలా రాయకూడదన్న నిషేధం ఉంది గానీ, ఫాలోఅప్‌కు నిషేధం లేదు. ఆస్పత్రి నిండితే ప్రమాదమని భయపడ్డప్పుడు పనికొచ్చిన ఫోను, ఇవాళ ముసలమ్మ నడుము వంగిపోతుంటే ఎందుకు పనికిరాదు?

ఫోన్లో గడ్డ చేతికి తగలదు కదా అంటారు డాక్టర్లు. నిజమే. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారిని చేత్తో పరీక్షించాలి, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయాలి. వాటిని ఆపమని ఎవరూ అడగడం లేదు. ప్రొస్టేట్ క్యాన్సర్ తర్వాత పీఎస్‌ఏ, పెద్దపేగు క్యాన్సర్ తర్వాత సీఈఏ, థైరాయిడ్ క్యాన్సర్ తర్వాత టీఎస్‌హెచ్... ఇవన్నీ రక్తపరీక్షలే. వీటికి రక్తం దగ్గరి ఊళ్లోనే ఇవ్వవచ్చు. వచ్చిన అంకె చూసి మాట చెప్పడానికి మనిషిని రాజధానికి రప్పించాలా? రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ లాంటి మాత్రలు ఐదేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం వాడాలి. వాటితో కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. ‘మాత్ర మానేశావా అమ్మా, నొప్పి ఎలా ఉంది’ అని నెలకోసారి ఫోన్లో అడిగేవాళ్లుంటే చాలామంది మధ్యలో మానేయరు. బస్సెక్కే ఓపిక లేక చెకప్‌కే రాకుండా పోయినవాళ్ల లెక్క ఏ ఆస్పత్రి తీసింది? వాళ్లలో ఎవరికైనా జబ్బు తిరగబెడితే ఆ సంగతి ముదిరాకే బయటపడుతుంది.

ఆన్‌లైన్‌లో డాక్టరుతో మాట్లాడించే సర్కారు సేవ ఈ-సంజీవని ఉంది కదా అంటుంది ప్రభుత్వం. ఉంది. కోట్ల కన్సల్టేషన్లు జరిగాయని ప్రకటనలూ ఉన్నాయి. కానీ అందులో ఎక్కువగా దొరికేది ఆ వేళకు ఖాళీగా ఉన్న డాక్టరే. ఆపరేషన్ చేసినవారో, రేడియేషన్ ఇచ్చినవారో దొరకాలంటే అదృష్టం ఉండాలి. పైగా డెబ్బై ఏళ్ల చేతులకు ఓటీపీలు, లాగిన్లు అందవు. కొడుకు ఫోను పట్టుకొని పొలానికో పనికో పోతే ఇంట్లో మిగిలేది బటన్ల ఫోనే.

దారి లేక కాదు. తెలంగాణలో పల్లె దవాఖానాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లున్నాయి. 2018 నుంచి నడుస్తున్న తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఉచితంగా రక్తపరీక్షలు చేస్తోంది. ఊరి దవాఖానాలోని నర్సు పక్కన కూర్చొని, బీపీ చూసి, రిపోర్టు స్క్రీన్ మీద పెట్టి, వైద్యం చేసిన డాక్టరుకే కలిపితే సరిపోతుంది. అందుకు ఆస్పత్రి వారానికి ఒక పూట కేటాయించాలి, ఆ పూటను డాక్టరు డ్యూటీగా లెక్కగట్టాలి. అడుగుతున్నది ఇంతే.

2024 అక్టోబరులో డెబ్బై ఏళ్లు, ఆపైబడిన ప్రతి ఒక్కరికీ ఆయుష్మాన్ ఆరోగ్య బీమా, కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల దాకా వైద్యం అని కేంద్రం ఘనంగా ప్రకటించింది. మంచిదే. కానీ అది ఆస్పత్రిలో చేరినవారికి. డిశ్చార్జి అయ్యాక దాని చెయ్యి అందేది పదిహేను రోజులే. ఆ తర్వాతి ఐదేళ్ల చెకప్‌ల బాధ ఎవరిది? మంచాన పడితే లక్షలిస్తాం, మంచాన పడకుండా చూసుకునేందుకు ఒక ఫోన్ కాల్ ఇవ్వం అనడం ఏ న్యాయం? రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. టికెట్ లేకపోయినా ఆ కుదుపులు భరించాల్సింది ఆపరేషన్ అయిన ఒళ్లే.

లాక్‌డౌన్‌లో చేసింది ఇప్పుడు చేతకాదని ఆరోగ్యశాఖ మంత్రులు, క్యాన్సర్ ఆస్పత్రుల డైరెక్టర్లు మాతో చెప్పనక్కర్లేదు. ఆ గేటు ముందు కూర్చున్న అవ్వకు చెప్పండి. ఆమె చీటీ మీద ‘మూడు నెలలాగి రా’ అని రాసే చేతికి, దాని కిందే ఒక ఫోన్ నంబరు రాయడం అంత బరువైందా?